తెలుగు నేర్చిన దొర కొడుకు

కదిరి నుంచి మదనపల్లె పోయే దారిలో నల్లచెరువు దాటాక తనకల్లు వస్తుంది. ఈ మండలం ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. 2022 దాకా అనంతపురం జిల్లా. 1910కి ముందు కదిరి తాలూకా మొత్తం కడప కిందే ఉండేది. తాలూకా అట్లా చేతులు మారిన కాలంలోనే అనంతపురంలో కొన్నాళ్లు కొలువు చేసి పోయిన తెల్లదొర ఒకాయన ఉన్నాడు. పేరు జూలియస్ మాథిసన్ ట్యూరింగ్. మనకు ఆయన వచ్చిపోయిన ఐసీఎస్ అధికార్లలో ఒకడు, అంతే. ఆయన రెండో కొడుకు పేరు మాత్రం కంప్యూటర్ చదువు చదివిన పిల్లలందరూ విన్నదే. అలన్ ట్యూరింగ్. ఆ కొడుకు ఎంత ఎత్తుకు ఎదిగాడో, ఏ చట్టం చేతికి చిక్కి ఏ మందు మింగాల్సి వచ్చిందో మనం ఇవాళ చెప్పుకోవాలి. ఎందుకంటే అలాంటి మందే కావాలని ఇప్పుడు మనం అడుగుతున్నాం.

జూలియస్ 1896 డిసెంబరులో మద్రాసు ప్రెసిడెన్సీలో చేరాడు. పదేళ్లపాటు బళ్లారి, కర్నూలు, విశాఖపట్నం జిల్లాల్లో పనిచేశాడు. ఆ రోజుల్లో అసిస్టెంట్ కలెక్టరంటే గుర్రమెక్కి ఊరూరా తిరగాల్సిందే. పంటలెట్లా ఉన్నాయి, చెరువులూ కాలవలూ బాగున్నాయా, టీకాలు వేశారా, లెక్కలు సరిపోయాయా, అన్నీ తనిఖీ చేయాలి. కింది మేజిస్ట్రేటుల పని మీద అజమాయిషీ కూడా ఆయనదే. రైతుతో మాట్లాడాలంటే భాష రావాలి కాబట్టి తెలుగు నేర్చుకున్నాడు. 1907లో సెలవు మీద స్వదేశానికి పోతూ ఓడలో ఈథెల్ సారా స్టోనీని కలిశాడు. ఆమె మద్రాసు రైల్వే చీఫ్ ఇంజనీరు కూతురు. తుంగభద్ర మీద వంతెన కట్టించినవాడు ఆ ఇంజనీరే. ఆ ఏడే పెళ్లయింది. తర్వాత బదిలీల మీద బదిలీలు: పార్వతీపురం, విశాఖపట్నం, అనంతపురం, బెజవాడ, శ్రీకాకుళం, కర్నూలు, ఆఖరికి గంజాం జిల్లా ఛత్రపురం. అక్కడ ఉండగానే 1911లో సారా రెండోసారి నెల తప్పింది. కాన్పుకు లండన్ పోయింది. 1912 జూన్ 23న అలన్ పుట్టాడు.

జూలియస్ అజమాయిషీ చేసిన మేజిస్ట్రేటులు చూసి తీర్పు చెప్పే పుస్తకం ఇండియన్ పీనల్ కోడ్. మెకాలే మొదలుపెట్టిన ముసాయిదా 1860లో చట్టమైంది. అందులో 377వ సెక్షన్, ‘ప్రకృతి విరుద్ధమైన’ సంభోగానికి యావజ్జీవం దాకా శిక్ష వేయొచ్చంది. ఇంగ్లండు తన ప్రజల కోసం 1885లో ఇంకో చట్టం చేసుకుంది. దాని 11వ సెక్షన్ ప్రకారం ఇద్దరు మగవాళ్ల మధ్య ఏ ‘అసభ్య చర్య’ జరిగినా నేరమే. ఇద్దరికీ ఇష్టమైనా, తలుపులేసుకుని ఇంట్లో ఉన్నా, రెండేళ్ల దాకా జైలు. 1895లో రచయిత ఆస్కార్ వైల్డ్‌ను జైలుకు పంపింది ఈ సెక్షనే. ఒకే సామ్రాజ్యం రాసిన రెండు పుస్తకాలివి. ఒకదాన్ని తండ్రి తెలుగు జిల్లాల్లో అమలు చేయించాడు. రెండోది కొడుకు కోసం ఇంగ్లండులో కాచుకుని ఉంది.

పసివాణ్ణి ఇండియాకు తేవడం మంచిది కాదనుకుని, అన్నతోపాటు ఒక రిటైర్డు కల్నల్ కుటుంబం దగ్గర వదిలి తల్లిదండ్రులు మద్రాసుకు వచ్చేశారు. తండ్రి 1926లో ఉద్యోగం మానేదాకా వాళ్లు పిల్లలకు చాలావరకు సెలవుల్లో వచ్చిపోయే చుట్టాలే. ఆ ఏడాదే అలన్ షెర్బోర్న్ స్కూల్లో చేరాడు. దేశమంతా సమ్మె జరిగి రైళ్లు ఆగిపోతే, సౌతాంప్టన్ నుంచి అరవై మైళ్లు సైకిల్ తొక్కుకుంటూ పోయి బడికి చేరాడు. అక్కడే క్రిస్టఫర్ మార్కమ్ అనే సహాధ్యాయి మీద ప్రాణం పెట్టుకున్నాడు. 1930 ఫిబ్రవరిలో క్షయతో ఆ పిల్లవాడు పోయాడు. ఆ దుఃఖం అలన్‌ను చాలా ఏళ్లు వదల్లేదు. చచ్చిపోయినవాడి తల్లికి ఉత్తరాలు రాస్తూనే ఉన్నాడు.

1936లో కేంబ్రిడ్జిలో ఉండగా గణితంలో ఒక చిక్కుముడి విప్పడానికి ఊహలోనే ఒక యంత్రాన్ని నిలబెట్టాడు. గళ్లు గీసిన పొడవాటి కాగితపు పట్టీ, ఒక్కో గడిలో ఒక్కో గుర్తు, ఆ గుర్తు చదివి తర్వాత ఏం చేయాలో చెప్పే నియమాల పట్టిక. అంతే యంత్రం. నియమాలు మార్చితే అదే యంత్రం, నియమాలతో చేయగలిగిన ఏ లెక్కైనా చేస్తుంది. మా తనకల్లు దగ్గరి కొక్కంటి క్రాస్‌లో ఫోన్‌తో డబ్బు పంపేవాడి చేతిలో ఉన్నదీ, ఇక్కడినుంచి బెంగళూరు పోయి సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో చేరిన మన పిల్లల ముందున్నదీ ఆ ఊహ కన్న సంతానమే.

1939 సెప్టెంబరు 3న బ్రిటన్ యుద్ధం ప్రకటించింది. మర్నాడే ట్యూరింగ్ బ్లెచ్లీ పార్కులో హాజరయ్యాడు. జర్మన్లు ఎనిగ్మా యంత్రంతో రహస్య సందేశాలు పంపుకునేవారు. పోలండు గణితవేత్తలు అప్పటికే సాధించినదాని మీద నిలబడి, ట్యూరింగ్ ‘బాంబ్’ అనే యంత్రాన్ని రూపొందించాడు. గార్డన్ వెల్చ్‌మన్ దాన్ని మెరుగుపరిచాడు. జర్మన్ నౌకాదళం సంకేతాలు విప్పే పని ట్యూరింగ్ నడిపిన హట్ 8ది. అట్లాంటిక్‌లో జలాంతర్గాములు ఎక్కడ పొంచి ఉన్నాయో తెలిస్తేనే తిండిగింజలు మోసే ఓడలు గమ్యం చేరేది. అంత పని చేసినవాడి గురించి తోటివాళ్లు చెప్పుకున్నవి చిన్న చిన్న సంగతులు: పుప్పొడి పడక తుమ్ములొస్తాయని గ్యాస్ మాస్కు తగిలించుకుని సైకిల్ తొక్కేవాడు, టీ కప్పును గొలుసేసి రేడియేటర్‌కు కట్టేవాడు. 1941లో తోటి గణితవేత్త జోన్ క్లార్క్‌తో పెళ్లి అనుకున్నాడు. తన మనసు మగవాళ్ల వైపే పోతుందని ఆమెకు దాచకుండా చెప్పాడు. ఆమె సరేనంది. ఆలోచించుకుని ఆయనే వద్దనుకున్నాడు.

యుద్ధం ముగిశాక ఒక పతకం ఇచ్చారు. ఎందుకిచ్చారో పైకి చెప్పడానికి లేదు. బ్లెచ్లీలో జరిగింది 1970ల దాకా రహస్యమే. ట్యూరింగ్ 1948లో మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో చేరాడు. యంత్రాలు ఆలోచిస్తాయా అన్న ప్రశ్నతో 1950లో వ్యాసం రాశాడు. 1951లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యాడు. ఇంత బుర్రపనిలోనూ ఒంటిని వదిలేయలేదు. దూరపు పరుగులో దిట్ట. 1947లో మారథాన్‌ను 2 గంటల 46 నిమిషాల్లో ముగించాడు. మరుసటేడు లండన్ ఒలింపిక్స్‌లో బంగారు పతకం గెలిచినవాడి టైము దీనికంటే 11 నిమిషాలే తక్కువ.

పతనం ఒక చిల్లర దొంగతనంతో మొదలైంది. 1951 డిసెంబరులో మాంచెస్టర్ ఆక్స్‌ఫర్డ్ రోడ్డులో సినిమా హాలు ముందు 19 ఏళ్ల కుర్రాడొకడు పరిచయమయ్యాడు. పనీ పాటా లేనివాడు. విల్మ్‌స్లోలోని ట్యూరింగ్ ఇంటికి వచ్చిపోతుండేవాడు. 1952 జనవరి 23న ఆ ఇంట్లో దొంగలు పడ్డారు. పోయింది పెద్ద సొత్తేమీ కాదు: ఒక చొక్కా, బూట్లు, భోజనాల బల్ల మీది కత్తులు, ఒక దిక్సూచి. ఆ కుర్రాడికి తెలిసినవాడే దొంగ. పరువు కోసం నోరు మూసుకునేవాళ్లే ఎక్కువ అలాంటి చోట. ట్యూరింగ్ మాత్రం పోలీసుల దగ్గరికి వెళ్లాడు. తన వస్తువులు పోయాయి, దొంగను పట్టుకోవడం పోలీసుల పని, అంతే ఆయన లెక్క.

పోలీసులు కొద్ది రోజులకే మళ్లీ వచ్చారు. ఈసారి దొంగ గురించి కాదు. నీకూ ఆ కుర్రాడికీ సంబంధమేమిటి అని అడిగారు. ఉన్నది ఉన్నట్టు చెప్పి, అయిదు పేజీల వాంగ్మూలం తన చేత్తోనే రాసిచ్చాడు. అందులో పశ్చాత్తాపం లేదు, భయం లేదు. దీన్ని నేరాల జాబితా నుంచి తీసేయడానికి ప్రభుత్వం కమిషన్ వేస్తోంది కదా అని ఆ డిటెక్టివులతోనే అన్నాడు. ఆ నమ్మకం పూర్తిగా తప్పేం కాదు. కాకపోతే ఆ కమిటీ వేసింది 1954 ఆగస్టులో, ఆయన పోయిన రెండు నెలలకు.

1952 మార్చి 31న నట్స్‌ఫర్డ్ కోర్టులో కేసు విచారణకు వచ్చింది. ట్యూరింగ్ నేరం ఒప్పుకున్నాడు. సాక్ష్యం చెప్పడానికి ప్రొఫెసర్ మాక్స్ న్యూమన్ వచ్చాడు, బ్లెచ్లీలో తోటివాడు హ్యూ అలెగ్జాండర్ వచ్చాడు. ఇద్దరూ ఈ మనిషి దేశానికి ఎంత విలువైనవాడో చెప్పారు. యుద్ధంలో ఆయన ఏం చేశాడన్నది మాత్రం కోర్టులో నోరు విప్పి చెప్పడానికి లేదు. కేసు ఏ సెక్షన్ కింద పెట్టారో అది 1885 నాటిదే. కోర్టు జైలుకు పంపలేదు. ఏడాది ప్రొబేషన్ వేసి ఒక షరతు పెట్టింది: మాంచెస్టర్ రాయల్ ఇన్‌ఫర్మరీలో అర్హత ఉన్న డాక్టరు దగ్గర చికిత్స చేయించుకోవాలి.

ఆ చికిత్స వెనకాల ఒక చరిత్ర ఉంది. లైంగిక నేరం చేసినవాడి వృషణాలు తీసేస్తే మళ్లీ ఆ జోలికి పోడన్న ఆలోచనకు యూరప్‌లో మొదట చట్టరూపం ఇచ్చింది డెన్మార్క్, 1929లో. 1933 నవంబరులో హిట్లర్ ప్రభుత్వం కోర్టు ఆర్డరుతో బలవంతంగా చేసే చట్టం తెచ్చింది. కత్తి పేరు చెబితే నాగరికులు ముఖం చిట్లిస్తారు. ఇంతలో రసాయనశాస్త్రం ఇంకో దారి చూపింది. 1938లో ఇంగ్లండులో చార్లెస్ డాడ్స్ బృందం స్టిల్‌బెస్ట్రాల్ అనే కృత్రిమ ఈస్ట్రోజన్‌ను తయారు చేసింది. చవక, నోటితో మింగితే చాలు. మూడేళ్లకు అమెరికాలో చార్లెస్ హగిన్స్, ఈస్ట్రోజన్‌తో ప్రోస్టేట్ క్యాన్సర్ తగ్గుముఖం పడుతుందని చూపాడు. క్యాన్సర్ రోగికి అది ప్రాణం పోసింది, హగిన్స్‌కు తర్వాత నోబెల్ వచ్చింది.

ఆ మందు పనిచేసే తీరు సులువుగానే చెప్పొచ్చు. మెదడు కింద శనగగింజంత పిట్యూటరీ గ్రంథి ఉంటుంది. మగ హార్మోను తయారు చేయమని వృషణాలకు కబురు పంపేది అదే. రక్తంలో ఈస్ట్రోజన్ పెరిగితే ఆ కబురు ఆగిపోతుంది. మగ హార్మోను పడిపోతుంది. కొన్ని వారాల్లో కోరిక చల్లారుతుంది. ఒళ్లు మాత్రం తనకు అందిన హార్మోను చెప్పినట్టు మారడం మొదలుపెడుతుంది: కొవ్వు చేరే చోటు మారుతుంది, రొమ్ములు పెరుగుతాయి, కండబలం తగ్గుతుంది.

నేరస్థులకు ఇది వాడొచ్చని ఇంగ్లండులో గట్టిగా చెప్పింది బ్రిస్టల్‌కు చెందిన గోలా, హాడ్జ్ అనే ఇద్దరు డాక్టర్లు. 1949లో లాన్సెట్ పత్రికలో రాశారు. అంతకుముందు అమెరికాలో కొందరు డాక్టర్లు దీనికి తిరగేసిన ప్రయోగం చేశారు. మగాణ్ణి కోరుకునే మగాడిలో మగతనం తక్కువై ఉంటుందనుకుని మగ హార్మోనే ఎక్కించారు. కోరిక ఇంకా పెరిగింది, దిశ మాత్రం మారలేదు. అక్కడితో ఆగి తమ సిద్ధాంతమే తప్పేమో అనుకుని ఉండాల్సింది. దాని బదులు, దిశ మార్చలేకపోతే కోరికనే చంపుదామన్న చోటికి వైద్యం వచ్చి చేరింది.

మా పల్లెల్లో కోడెదూడకు విత్తులు కొట్టించేది ఎందుకో చిన్నపిల్లలకూ తెలుసు. కాడి మెడమీద పడితే అణిగి నడవాలని. అది దూడకు రోగం కుదర్చడానికని ఏ రైతూ చెప్పడు, ఏ పశువుల డాక్టరూ చెప్పడు. నట్స్‌ఫర్డ్ కోర్టు ఆర్డరులో మాత్రం చికిత్స అనే రాసుంది. రోగి తనకు రోగముందని అనలేదు. డాక్టరు కుదర్చగలిగిన జబ్బేదీ లేదు. శిక్ష వేసింది జడ్జీ, చీటీ రాసింది డాక్టరు. జడ్జీ తీర్పును డాక్టరు అమలు చేశాడు, డాక్టరు చీటీని చూపి జడ్జీ తాను దయచూపానని అనుకోగలిగాడు.

ట్యూరింగ్ దీనికి సరేనన్నాడు కదా అని ఎవరైనా అడగొచ్చు. అన్నాడు. కాదంటే జైలు. జైలుకు పోతే ఉద్యోగం ఉండదు, తాను పనిచేస్తున్న మాంచెస్టర్ కంప్యూటర్ దగ్గరికి రానివ్వరు. మందు ఆపేస్తే ఒళ్లు మామూలవుతుందని చెప్పారు. ఈ రెంటి మధ్య ఎంచుకోమనడాన్ని ఒప్పుకోవడం అనగలిగితే, ఆయన ఒప్పుకున్నాడు.

మొదట మాత్రలు. చివరి మూడు నెలలూ తొడలో చర్మం కింద మందు పెట్టారు. పరుగుతో నరాలు తేలి ఉండే ఒళ్లు మెత్తబడింది. రొమ్ములు వచ్చాయి. నపుంసకత్వం వచ్చింది. స్నేహితులకు రాసిన ఉత్తరాల్లో దీన్ని ఒక జోకులాగే చెప్పుకున్నాడు. జోకులేసుకునే మనిషి లోపల ఏముందో ఆ ఉత్తరాల్లో వెతికి చెప్పడం కష్టం.

ఆ ఏడాదే, 1952 ఆగస్టులో, ఆయన రాసినవాటిలో అపురూపమైన వ్యాసం అచ్చయింది. జీవుల్లో ఆకారాలు ఎట్లా ఏర్పడతాయన్నది దాని విషయం. ఒకేలా ఉన్న కణాల ముద్దలో రెండు రసాయనాలు వేర్వేరు వేగాలతో పాకి, ఒకదాన్నొకటి పెంచుతూ అణచుతూ పోతే చారలూ మచ్చలూ వాటంతటవే ఏర్పడగలవని గణితంతో చూపాడు. చిరుతపులి మీద మచ్చలకూ, ఆవు మీద మచ్చలకూ లెక్క కట్టొచ్చన్నమాట. ఆ తర్వాత పొద్దుతిరుగుడు పువ్వులో గింజల వరసల మీద పడ్డాడు. గింజలు రెండు వైపులా తిరిగే సుడుల్లో అమరి ఉంటాయి. ఒకవైపు 34 వరసలుంటే రెండోవైపు సాధారణంగా 55 ఉంటాయి. సీమలో పొద్దుతిరుగుడు వేసిన రైతెవరైనా కోసిన పువ్వు చేతిలో పట్టుకుని లెక్కపెట్టి చూడొచ్చు. రసాయనం ఒంటిని ఎట్లా మలుస్తుందో ప్రపంచంలో అందరికంటే లోతుగా ఆలోచిస్తున్న మనిషి ఒంట్లోనే ఆ రోజుల్లో కోర్టు పంపిన రసాయనం తన పని చేసుకుపోతోంది.

1953 ఏప్రిల్‌తో ప్రొబేషన్ ముగిసింది. విశ్వవిద్యాలయం ఆయన్ను వదులుకోలేదు. ఆ మేలోనే రీడరును చేసింది. పోయినవి వేరే. యుద్ధం తర్వాత కూడా ప్రభుత్వ రహస్య సంకేతాల విభాగానికి సలహాలిస్తుండేవాడు. ఆ అనుమతి రద్దయింది. 1951లో ఇద్దరు బ్రిటిష్ దౌత్యాధికారులు మాస్కోకు పారిపోయినప్పటి నుంచి ఇలాంటి మగవాళ్లంటే బ్లాక్‌మెయిల్‌కు లొంగే మనుషులన్న అనుమానం అధికారుల్లో గట్టిపడింది. 1952 వేసవిలో నార్వే వెళ్లాడు, అక్కడ పరిచయమైన యువకుడు మరుసటేడు మార్చిలో ఇంగ్లండు వస్తే అతని కోసం పోలీసులు ఊళ్లకు ఊళ్లు గాలించారు. తాను దేశం కోసం దాచిన రహస్యాలే ఇప్పుడు ఆయన చుట్టూ కాపలా అయ్యాయి.

1954 జూన్ 8న పనిమనిషి ఇంటికొచ్చి చూస్తే మంచం మీద చనిపోయి ఉన్నాడు. ముందురోజు రాత్రే ప్రాణం పోయింది. ఒంట్లో సైనైడ్. పక్కన బల్ల మీద కొరికి వదిలేసిన ఆపిల్ పండు. ఆ పండును పరీక్షకే పంపలేదు. పదో తేదీన విచారణ జరిపి ఆత్మహత్య అన్నారు. తల్లి చచ్చేదాకా అది నమ్మలేదు. ఇంట్లో ఒక చిన్న గదిలో చెంచాలకు బంగారుపూత వేసే ప్రయోగాలు చేసేవాడు, దానికి సైనైడ్ వాడేవాడు. చేతులు సరిగ్గా కడుక్కోరా అని తాను మొత్తుకున్నానని చెప్పుకుంది. ఆత్మహత్య అనడానికి ఆధారాలు చాలవని ఆయన రచనల్ని పరిశోధించిన తత్త్వవేత్త జాక్ కోప్‌లండ్ 2012లో వాదించాడు. మందు ఆపేసి అప్పటికి ఏడాది దాటింది. మందే చంపిందని చెప్పడం నిజాయతీ కాదు. చంపకపోయినా అది చేసిన పని చిన్నదైపోదు. ఇంకో పదహారు రోజులైతే ఆయనకు 42 నిండేవి. వోకింగ్ శ్మశానంలో దహనం చేసి, తెలుగు నేర్చిన తండ్రి బూడిద చల్లిన చోటే కొడుకు బూడిదా చల్లారు.

ఆ తర్వాత క్షమాపణల కాలం వచ్చింది. 1954లో వేసిన ఆ జాన్ వోల్ఫెండెన్ కమిటీ 1957లో, ఇద్దరు పెద్దవాళ్లు ఇష్టపూర్వకంగా చాటున చేసేది నేరం కాకూడదంది. చట్టం మారడానికి ఇంకో పదేళ్లు పట్టింది. 2009 సెప్టెంబరులో ప్రధాని గార్డన్ బ్రౌన్ ప్రభుత్వం తరపున క్షమాపణ చెప్పాడు. 2013 డిసెంబరు 24న రాణి క్షమాభిక్ష ప్రకటించింది. 2017లో అదే చట్టం కింద శిక్షపడి చనిపోయిన వేలమందికీ దాన్ని వర్తింపజేశారు. 2021లో ఆయన పుట్టినరోజున ఆయన బొమ్మతో 50 పౌండ్ల నోటు విడుదలైంది.

మన దగ్గర ఏం జరిగిందో కూడా ఆ తేదీల పక్కనే పెట్టి చూడాలి. 2009 జులైలో ఢిల్లీ హైకోర్టు 377ను కుదించింది. 2013 డిసెంబరు 11న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. లండన్‌లో ట్యూరింగ్‌కు క్షమాభిక్ష వచ్చింది దానికి సరిగ్గా పదమూడు రోజుల తర్వాత. రాసినవాళ్లు సిగ్గుపడి చించేసిన పేజీని మనం అతికించుకున్నాం. 2018 సెప్టెంబరు 6న అయిదుగురు జడ్జీల ధర్మాసనం ఏకగ్రీవంగా దాన్ని సరిచేసింది. 2024 జులైలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ సెక్షనే లేదు.

సెక్షన్ పోయింది. మందు మీద మోజు పోలేదు. 2012 డిసెంబరులో ఢిల్లీ బస్సులో ఘోరం జరిగినప్పుడూ, 2019 నవంబరులో హైదరాబాద్ శివార్లలో పశువైద్యురాలిని చంపినప్పుడూ, టీ అంగడి దగ్గర మొదలుకుని టీవీ చర్చ దాకా ఒకే మాట: ‘కోసి పారెయ్యాలి, లేదా సూదేసి పనికిరాకుండా చేయాలి.’ కడుపు మండినవాళ్ల మాట అది, ఆ మంటను తప్పుపట్టలేం. కాలిఫోర్నియా 1996లో, దక్షిణ కొరియా 2010లో, ఇండోనేషియా 2016లో ఇలాంటి చట్టాలు చేశాయి కదా అనేవాళ్లూ ఉన్నారు. ఇప్పుడు స్టిల్‌బెస్ట్రాల్ పాతబడింది. గర్భం రాకుండా వాడే మెడ్రాక్సీప్రొజెస్టిరాన్ సూది, సైప్రొటిరాన్ మాత్ర, ప్రోస్టేట్ క్యాన్సర్‌కు వాడే ల్యూప్రొలైడ్ వచ్చాయి. సూది మానేస్తే హార్మోను తిరిగొస్తుంది. ఏళ్ల తరబడి వాడితే ఎముకలు గుల్లబారతాయి. తన కోరిక తన చేతుల్లో లేదని తనంతట తాను డాక్టరు దగ్గరికొచ్చి, కౌన్సెలింగ్‌తోపాటు వాడుకునే మనిషికి ఇవి ఉపయోగపడతాయి. కోర్టు పంపితే వచ్చినవాడి సంగతి వేరు.

జాతీయ నేర రికార్డుల బ్యూరో (ఎన్‌సీఆర్‌బీ) లెక్కల్లో ఏటా పదింట తొమ్మిదికి పైగా అత్యాచారం కేసుల్లో నిందితుడు బాధితురాలికి తెలిసినవాడే. చుట్టం, పక్కింటివాడు, పెళ్లి చేసుకుంటానన్నవాడు, యజమాని. వాడిచేత ఆ పని చేయించింది హార్మోను ఒక్కటే అయితే సూది సరిపోయేది. నోరెత్తదులే అన్న ధీమా, కులం బలం, ఆడదాని మీద అధికారం తనదన్న పొగరు ఏ సూదికీ కరగవు. ఢిల్లీ బస్సు ఘోరం తర్వాత వేసిన జస్టిస్ వర్మ కమిటీ 2013 జనవరి 23న ఇచ్చిన నివేదికలో ఈ మాటే చెప్పి రసాయన పద్ధతిని తోసిపుచ్చింది. నేరానికి సమాజంలో ఉన్న వేళ్లను అది ముట్టుకోదనీ, మనిషి ఒప్పుకోకుండా ప్రమాదకరమైన మందు ఎక్కించడం రాజ్యాంగానికి విరుద్ధమనీ అంది. ఆ కమిటీ అడిగింది వేరే: పోలీసు ఫిర్యాదు తీసుకోవాలి, ఆస్పత్రి బాధితురాలిని గౌరవంగా చూడాలి, తీసుకోనివాడికీ చూడనివాడికీ శిక్ష ఉండాలి. తనకల్లు మండలంలో ఒక ఆడపిల్ల అన్యాయమైపోతే ఆమెకు అక్కరకొచ్చేవి ఇవే.

ట్యూరింగ్‌నూ అత్యాచారం చేసినవాణ్ణీ ఒక గాటన కట్టాలని ఇదంతా చెప్పడం లేదు. కట్టింది 1952 నాటి ఇంగ్లండు. ఎవరినీ బలవంతపెట్టని మనిషినీ, పసిపిల్లల్ని చెరిచినవాణ్ణీ అది లైంగిక నేరస్థులన్న ఒకే పద్దులో రాసుకుని ఇద్దరికీ ఒకే మాత్ర సిద్ధం చేసింది. ఆ పద్దులో ఎవరి పేరు రాయాలో ఎప్పుడూ ఆనాటి చట్టమే చెబుతుంది, ఆనాటి జనం కోపమే చెబుతుంది. యుద్ధంలో దేశానికి అంత పనికొచ్చి, రాయల్ సొసైటీ ఫెలో అయి, ప్రొఫెసరే బోనెక్కి సాక్ష్యం చెప్పినవాడికే తప్పు జరిగిపోయిందన్న మాట రావడానికి 57 ఏళ్లు పట్టింది. అప్పటికి వినడానికి ఆయన లేడు. మన కోర్టుల్లో పదిరూపాయల వకాల్తా కూడా భారమయ్యేవాడు, పోలీసు రాసుకున్నదాని కింద వేలిముద్ర వేసేవాడు ఆ సూదికి ముందు దొరుకుతాడు. వాడి కేసు తప్పని పదేళ్లకు తేలితే జైలు తలుపు తెరిచి పంపొచ్చు. ఒంట్లోకి ఎక్కించినదాన్ని ఏ హైకోర్టూ కొట్టేయలేదు. సూది కావాలని అడిగేవాళ్లు ముందుగా జవాబు చెప్పాల్సింది దీనికే.